బీరువాలో ఉన్న పికప్



మందిరంలో గిటారు సంగతి ఏమైందని చాలామంది అడుగుతున్నారు. హైదరాబాదులో పనులు చేసుకుంటూ ఈ వ్యాసాలు ఫోనులో చదివే మన పిల్లలు మరీ ఎక్కువగా అడుగుతున్నారు. కొత్త స్పీకర్లు వచ్చిన దగ్గర నుంచి గిటారు చెవులు కోస్తున్నదనీ, దానికి కొత్త పికప్ కొనాలనీ యవ్వనస్థులు పెద్దల ముందు పెట్టిన మాట మీ దాకా వచ్చే ఉంటుంది. వాళ్లు అడిగింది 9,000 రూపాయలు. ఆ డబ్బు ఉన్నది స్త్రీల సమాజం దగ్గర. అది పిడికెడు బియ్యం డబ్బు. ఇంటింటా అన్నం వండేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం సంచిలో పోస్తే పోగైన డబ్బు. కిలో 40 రూపాయల లెక్కన చూసినా అది రెండు క్వింటాళ్లకు పైగా బియ్యం. అందుకే మేము తొందరపడలేదు.

పికప్ అనగానే పెద్దల్లో ఒకాయన, "కూటాలకు మనుషులను తోలుకపోను బండి మాట్లాడుతున్నరా అయ్యగారూ?" అన్నారు. మన జడ్చర్ల–కోదాడ రోడ్డు మీద పికప్ అంటే పత్తి బస్తాలు మోసే బండే కదా. ఇది వేరు. గిటారు తీగల కింద, వేలెడంత పొడవున ఉంటుంది. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ సుమారు 8,000 చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే కింద రాగి చుట్టలో చాలా కొద్దిపాటి కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. మన ఊరి బస్సు డైనమోకూ, ఈ పికప్‌కూ మూలం ఒకటే. మనిషి గొంతు మైకులోకి వెళ్లినట్టు గిటారు శబ్దం గాలిలో నుంచి పికప్‌లోకి వెళ్లదు. అది తీగ కదలికనే పట్టుకుంటుంది. నైలాను తీగలు కడితే దానికి ఏమీ తెలియదు.

ఇలా ఒకే చుట్ట ఉన్నదానిని సింగిల్ కాయిల్ అంటారు. శబ్దం తేటగా, పదునుగా ఉంటుంది. కానీ తీగ కదలికతో పాటు చుట్టుపక్కల కరెంటు గుయ్యిమనే సప్పుడును కూడా అది పట్టుకుంటుంది. మన దేశపు కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. ట్యూబ్‌లైటు చోకు, ఆంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్, పక్కనున్న ఇన్వర్టర్, ఇవన్నీ ఆ చుట్ట చెవిలో పడతాయి. దీనికి విరుగుడుగా 1955లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్టల పికప్‌కు పేటెంట్ కోరాడు. దాని పేరు హంబకర్. రెండో చుట్టలో కరెంటు దారినీ తిప్పేశాడు, అయస్కాంతాన్నీ తిప్పేశాడు. బయటి గుయ్యి శబ్దం ఒక్కసారే తిరగబడుతుంది కనుక మొదటి చుట్టలోని దానితో కొట్టుకుని పోతుంది. తీగ శబ్దం రెండుసార్లు తిరగబడుతుంది. చొక్కాను రెండుసార్లు తిరగేస్తే మళ్లీ సరిగ్గానే ఉంటుంది కదా, అలాగ. అది మొదటి చుట్ట శబ్దంతో కలిసి బలమవుతుంది. మేము దైవశాస్త్ర డిప్లమా చదివినవాళ్లమే గాని ఇంజనీర్లం కాము. మాకు ఇది గిటారు వాయించే తమ్ముడు కాగితం మీద గీసి చెప్పాడు. చొక్కా పోలిక మాత్రం మాది.

ఇప్పుడు అసలు సంగతి. మన మందిరంలో అలాంటి హంబకర్ ఒకటి ఇప్పటికే ఉంది. నాలుగేళ్ల కింద యవ్వనస్థులే తలా కొంత వేసుకుని కొన్నారు. సింగిల్ కాయిల్ చోటులోనే ఇరుకుగా పట్టే చిన్న రకం. బిగించారు, మూడు ఆదివారాలు వాయించారు, తీసేశారు. అప్పుడు విన్నవారికి గుర్తుండే ఉంటుంది, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు మూగగా ఉండేది. ఏ శృతి పట్టాడో వాయించేవాడికే తెలిసేది కాదు. పాత సింగిల్ కాయిల్ మళ్లీ ఎక్కింది. హంబకర్ కానుకల కవరులో చుట్టబడి, లెక్కల పుస్తకాల వెనక, బీరువాలోకి పోయింది. "అది పనికిరాదు" అన్న మాట అప్పటి నుంచి స్థిరపడింది.

అప్పటి తీర్పు అప్పటికి సరైనదే. ఈ మాట మేము గట్టిగా చెబుతున్నాము, ఎందుకంటే ఆ రోజు దాన్ని తీయడంలో ఎవరి తప్పూ లేదు. చెవి విన్నది, చెయ్యి తీసింది. అయితే ఆ రోజు చెవి విన్నది పికప్ ఒక్కదాన్నే కాదు.

ఆ రోజు గిటారు నుంచి ఆంప్లిఫయర్ దాకా 10 మీటర్ల వైరు. వైరు పొడుగయ్యేకొద్దీ పై శబ్దాలు దారిలోనే ఇంకిపోతాయి. ఆ వైరు పోయి గుచ్చుకున్నది మైకు కోసం చేసిన ఇన్‌పుట్‌లో. దాని నిరోధం కొన్ని వేల ఓమ్‌లే. గిటారు పికప్‌కు దాదాపు పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. ఇది రైతులకు చెబితే వెంటనే అర్థమైంది: సన్నగా పోసే బోరుకు ఐదెకరాల డ్రిప్ తగిలిస్తే చివరి మొక్కకు చుక్క కూడా చేరదు. బోరు చెడిపోయిందని కాదు, దాని మీద వేసిన బరువు ఎక్కువ. చుట్టలు ఎక్కువున్న హంబకర్ ఈ బరువు కింద మరింతగా నలిగిపోతుంది. సింగిల్ కాయిల్ ఎంతోకొంత తట్టుకుంటుంది. చివరకు ఆ శబ్దం గోడకున్న రెండు పాత కాలమ్ స్పీకర్లలో నుంచి వచ్చేది. వాటిలో మనిషి మాట వినబడుతుంది గాని, దానికి పైనా కిందా ఉన్నది పెద్దగా రాదు. అలాంటి వరుసలో పదునైన పికప్పే బతికింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే మారాయి, మీ కానుకలతోనే. మొదట ఎర్తింగ్. మనది చెల్క నేల, రెండు గజాలు తవ్వితే బండ. ఉప్పు, బొగ్గు వేసి పైపు దింపారు. ఎండాకాలం ఆ గుంటలో బిందెడు నీళ్లు పోసే పని సండే స్కూలు పిల్లలది. తర్వాత చోకు ట్యూబ్‌లైట్లు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి. గిటారు కోసం ప్రత్యేకమైన ఇన్‌పుట్ ఉన్న మిక్సర్ వచ్చింది. కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన 3 మీటర్ల వైరు వచ్చింది. మొన్న కోత పండుగ ముందు రెండు బాక్సు స్పీకర్లు వచ్చాయి. అన్నీ మారాయి, పికప్ ఒక్కటే పాతది.

అన్నీ మారేసరికి, నాలుగేళ్లు మనకు ఆసరాగా ఉన్న సింగిల్ కాయిల్ ముల్లయింది. దారిలో ఇంకిపోయే పదునంతా ఇప్పుడు ఇంకకుండా చెవిలోకి వస్తున్నది. మౌన ప్రార్థనలో గుయ్యి సప్పుడు మునుపటి కంటే స్పష్టంగా వినబడుతున్నది. ఎర్తింగ్ బాగుంటే అది పోవాలి కదా అని కొందరు అడిగారు. ఎర్తింగ్‌తో కొరకొరలాడే శబ్దం పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత ప్రభావంతో చుట్టలో పుట్టే గుయ్యి ఎర్తింగ్‌కు లొంగదు. టోన్ మర తిప్పితే పదును తగ్గింది గాని ఈ గుయ్యి తగ్గలేదు. గిటారుకు మిగతా రెండు పికప్‌లు ఉన్నా అవి చాలాకాలంగా మూగవి.

అన్నిటి కంటే మమ్మల్ని కదిలించింది వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చునే ఒక అవ్వ మాట. ఆమెకు చదువు రాదు. వందకు పైగా కీర్తనలు చరణాలతో సహా నోటికి వచ్చు, అన్నీ చెవితో నేర్చుకున్నవే. "అయ్యగారూ, గా తీగ సప్పుడుకు మాటలు ఇనవడ్తలేవు. కొత్త పాట ఒక్కటి నేర్వలేదు నేను" అన్నది. ఇది ముసలితనపు సణుగుడు కాదు. మాటలో త, ప, స లాంటి హల్లులను విడదీసి చెప్పే శబ్దం ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. సింగిల్ కాయిల్ పదును కూడా సరిగ్గా ఆ దగ్గరే పొడుచుకొస్తుంది. చూసి పాడేవారు తప్పించుకుంటారు. విని పాడేవారికి పాటే పోతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు పిల్లనగ్రోవి, తంతివాద్యం, బూర పేర్లు తీసి అడిగిన ప్రశ్న ఇదే: శబ్దంలో తేడా తెలియకపోతే విన్నవాడు ఏం చేయగలడు?

అందుకని గిటారునే తీసేద్దామన్నవారూ ఉన్నారు. అది మన వాయిద్యం కాదు, హార్మోనియం, డోలక్ చాలవా అని. వారి మాటలో ప్రేమ ఉంది. అయితే హార్మోనియం కూడా యూరప్ నుంచి వచ్చినదే. దాని మెట్ల మీద గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని ప్రసారాల నుంచి బహిష్కరించింది. 1971లో గాని ఆ తలుపు కొంతైనా తెరుచుకోలేదు. ముప్పై ఏళ్ల పాటు రేడియోకు పనికిరానిది మన పల్లె మందిరాల్లో పాటను మోస్తూనే ఉంది. వాయిద్యం మీద వేసిన తీర్పును మళ్లీ తెరవడం మనతో మొదలైంది కాదు.

మేము ఈ రోజుల్లో మార్కు గురించి చదువుతున్నాము. అపొస్తలుల కార్యములు 13లో అతడు పెర్గే దగ్గర తోటివారిని విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. 15వ అధ్యాయంలో బర్నబా అతణ్ణి మళ్లీ తీసుకుపోదామంటే పౌలు ఒప్పుకోలేదు. వాదం ముదిరి ఇద్దరూ వేరైపోయారు. చాలా ఏళ్ల తర్వాత, సంకెళ్లలో ఉండి తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయంలో, అంగీ, పుస్తకాలు తెమ్మన్న పౌలే మార్కును కూడా వెంటబెట్టుకు రమ్మని అడిగాడు, అతడు పరిచర్యకు కావలసినవాడని. తన పాత తీర్పు గురించి పౌలు అక్కడ ఒక్క మాటా రాయలేదు. కొండదారుల ప్రయాణానికి ఆ రోజు అతడు తగలేదు. ఇప్పుడు ప్రయాణం లేదు, చెరసాల ఉంది. ఈ మధ్యలో బర్నబాతో కుప్రకు వెళ్లిన కుర్రవాడు కూడా ఆనాటి కుర్రవాడు కాడు. పౌలు పాత మాటను పట్టుకుని కూర్చోలేదు, ఇప్పుడున్న అవసరం ముందు ఇప్పుడున్న మనిషిని నిలబెట్టాడు.

ఏ సంఘంలోనైనా గొంతు మారే వయసులో పాటల గుంపు నుంచి పక్కకు జరిగిన మగపిల్లలు కొందరు ఉంటారు. పద్నాలుగేళ్లప్పుడు గొంతు పగిలి శృతి నిలవలేదు. ఇప్పుడు ఇరవై అయిదేళ్లు, గంభీరమైన గొంతు. అయినా వాళ్లను పాడమని ఎవరూ అడగరు, వాళ్లూ ముందుకు రారు. మన పాటల గుంపులో కింది స్వరం పాడేవారు ఒక్కరూ లేరన్న సంగతి మేము ఈ సందర్భంగా గిటారు తమ్ముడితో అన్నాము. అతడు ముగ్గురి పేర్లు వెంటనే చెప్పాడు.

గత శనివారం సాయంత్రం బీరువా తెరిచాము. మొదట సింగిల్ కాయిల్‌తోనే, అవ్వకు తెలియని ఒక కొత్త పాట మొదటి చరణం పాడించి, ఆమెను తిరిగి చెప్పమన్నాము. సగం చెప్పింది. తర్వాత ఆ తమ్ముడు తీగలు వదులు చేసి, టంకం ఊడదీసి, హంబకర్ బిగించి మళ్లీ టంకం వేశాడు. ముప్పావు గంట పట్టింది. వాయించగానే గుయ్యి లేదు. ఆ నిశ్శబ్దంలో మందిరం బయట మేకల అరుపు వినిపించింది. రెండో చరణం పాడారు. "ఇప్పుడు మాట దెలుస్తుంది గని, సప్పుడు జర బరువుగున్నది" అన్నది అవ్వ. ఆమె చెవి మిక్సర్ కంటే నమ్మదగినది. పికప్‌కు రెండు పక్కలా మరలు ఉంటాయి. వాటిని తిప్పి దాన్ని తీగల నుంచి ఒక మిల్లీమీటరు కిందికి దించాడు. మూడో చరణంలో ఆమె రెండు మాటలు తప్ప అన్నీ చెప్పింది.

ఇంకొక చిన్న సంగతి ఉందట. ఆ గిటారు లోపలి వాల్యూమ్ మర 250 కిలో ఓమ్‌లది, సింగిల్ కాయిల్‌కు తగింది. హంబకర్‌కు మామూలుగా 500 పెడతారు, అప్పుడు శబ్దం ఇంకొంచెం విచ్చుకుంటుంది. అది చిన్న ఖర్చు. ప్రస్తుతానికి ఆ మూత కొంచెం వేసి ఉండటమే మంచిదని మా అభిప్రాయం, తమ్ముడి అభిప్రాయం వేరు.

శనివారం ఖాళీ మందిరం వేరు, ఆదివారం నిండిన మందిరం వేరు. మనుషులు, బట్టలు శబ్దాన్ని తాగేస్తాయి. కాబట్టి రెండు ఆదివారాలు ఇలాగే వాయించి చూస్తాము. తీసిన సింగిల్ కాయిల్‌ను కవరులో పెట్టి, దాని మీద తేదీ, వైరు పొడవు, మిక్సర్, స్పీకర్లు ఏవో రాయించి బీరువాలో ఉంచాము. ఆరాధన అయ్యాక మీకు ఎలా వినబడిందో మాకు చెప్పండి, ఏ వరుసలో కూర్చున్నారో కూడా చెప్పండి. ఫ్యాను కింద కూర్చున్నవారు ఆ సంగతి మరచిపోవద్దు. బియ్యం డబ్బు ఏం చేయాలన్నది వచ్చే నెల మొదటి శుక్రవారం స్త్రీల సమాజం కూడికలో అమ్మలే నిర్ణయిస్తారు. వంటగది రేకుల మాట ఇప్పటికే ఎవరో తెచ్చారు.