జిడ్డు మొహం అనకండి

"జిడ్డు" అన్న మాట మనకి తిట్టే. వదలకుండా వెంటపడేవాణ్ణి జిడ్డుగాడంటాం. మొన్న ఓ పెళ్లిలో ఒక పెద్దావిడ మా అమ్మాయిని "ఏంటే ఆ జిడ్డు మొహం" అంది. పదో తరగతి పిల్ల. ఆ రోజు నుంచి ఫోటో అంటే పక్కకి తప్పుకుంటోంది, రోజుకి ఆరేడుసార్లు సబ్బుతో రుద్దుకుంటోంది.

కూర్చోబెట్టి చెప్పాను. "అది మురికి కాదమ్మా. చర్మం ఎండిపోకుండా లోపలి గ్రంథులు వదిలే నూనె. నీ వయసులో హార్మోన్ల వల్ల ఎక్కువ వస్తుంది. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర ఆ గ్రంథులు ఎక్కువ. అందుకే అక్కడ మెరుస్తుంది. సబ్బుతో అంతలా రుద్దితే చర్మం మండి పొడిబారుతుంది, అంతే."

ఇప్పుడు పొద్దున, రాత్రి, చెమట పట్టినప్పుడు మాత్రం మైల్డ్ ఫేస్‌వాష్. మెత్తటి తువ్వాలుతో అద్దుకోవడం. ఆయిల్ ఫ్రీ మాయిశ్చరైజర్ కొంచెం. నిమ్మకాయ, వంటసోడా మొహానికి వద్దు. తలనూనె నుదుటి మీదికి జారనివ్వకూడదు. మొటిమలు గిల్లకూడదు. అవి తగ్గకుండా మచ్చలు పడుతుంటే చర్మం డాక్టరుకి చూపించాల్సిందే.

ఇంత చేసినా మధ్యాహ్నానికి మళ్ళీ మెరుస్తుంది. మెరవనీయండి. ఇంటికొచ్చే చుట్టాలకి మాత్రం ముందే చెప్పేస్తున్నాను: దాని వాలీబాల్ గురించి అడగండి, మొహం గురించి వద్దు.