శోధగ్రామ యాత్ర

మన తెలుగు యాత్రికులు కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితల సంగమమున స్నానమాడి, ముక్తేశ్వరుని సేవించి యిండ్లకు మరలుదురు. ఆవలిగట్టున గానవచ్చు నడవులనుగూర్చి విచారించువారు మిక్కిలి తక్కువ. ఆ గట్టు మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లాది. అందలి సిరొంచ ప్రాంతమున నేటికిని తెలుగుమాట వినవచ్చును. 1982వ సంవత్సరమున చంద్రపూరు జిల్లానుండి వేఱుచేయబడిన యీ జిల్లాలో గోండులు, మాడియాలు పెక్కుమంది గలరు. వారి నడుమ నొక వైద్యదంపతులు నెలకొల్పిన శోధగ్రామమును జూడవలెనను కోరిక నాకు చిరకాలముగా నుండెను. గడచిన శీతకాలపు సెలవులలో నది నెఱవేఱినది.

మేము బల్లార్షా మీదుగా చంద్రపూరునకు రైలులో బోయి, యచ్చట బస్సు నెక్కితిమి. మూల్ పట్టణము దాటినపిదప నిరుప్రక్కల వరిమళ్లు, నడుమనడుమ ఇప్పచెట్లు, వెదురుపొదలు. వైనగంగ వంతెన దాటినచో గడ్చిరోలి జిల్లా. ఈ వైనగంగయే దిగువను వార్ధానదితో గలిసి, ప్రాణహిత యను పేర మన గోదావరిని జేరుచున్నది. గడ్చిరోలి పట్టణమునుండి ధానోరా పోవు త్రోవలో, చెట్లనడుమ శోధగ్రామ మున్నది.

ఆసుపత్రి యనగానే పెద్ద మేడలు, పొడవైన నడవలు, తెల్లదుస్తులు ధరించిన దాదులు మనకు దోతురు. ఇచ్చటి రోగులుండునవి గోండుపల్లెలోని యిండ్లను బోలిన చిన్న కుటీరములు. రోగిచెంత తల్లియో, భార్యయో, అత్తయో కూర్చుండియే యుండును. ఆసుపత్రికి దంతేశ్వరీమాత పేరు పెట్టిరి. ఆమె యీ యడవిబిడ్డల యిలవేల్పు. ఆ ప్రాంగణముననే యామె గుడియు గలదు.

ఈ రూప మెట్లు వచ్చినదో వినదగినది. డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ అను దంపతులు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ప్రజారోగ్యశాస్త్ర మభ్యసించి, 1986లో నీ జిల్లాలో పనికి బూనిరి. సర్కారు ఆసుపత్రి యున్నను గోండులు దానిని జేరరైరి. వారి నజ్ఞానులని నిందింపక, కారణమేమని యీ దంపతులు వారినే యడిగిరి. అంత పెద్దకట్టడములో దారి తప్పుదుమని వారికి భయము. తెల్లబట్ట శవమునకు గప్పునది గదా, దానిని ధరించినవారు ప్రాణము లెట్లు నిలుపుదురని సందేహము. రోగిని లోపల నుంచి చుట్టములను వెలుపలికి బంపుదురని దుఃఖము. అచ్చట తమ దేవత లేదని మఱియొక కొఱత. ఆ మాటలను విని, వారు కోరినరీతినే యాసుపత్రిని గట్టిరి.

దీనిని జూచినప్పుడు నాకు చరకాచార్యుని సిద్ధాంతము స్ఫురించినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యను నాలుగును చికిత్సకు నాలుగు పాదములని యాయన నిర్ణయము. మన యాసుపత్రులు మొదటి రెంటిని జూచుకొని, కడపటి రెంటిని మఱచినవేమో! నా చుట్టములలో నొక యిల్లాలు పురుటికని పట్టణపు టాసుపత్రికి బోగా, తల్లిని దగ్గఱ నుండనీయలేదు. నొప్పులకంటె నా యొంటరితనమే తన్ను భయపెట్టినదని యామె యిప్పటికిని జెప్పును. గోండుస్త్రీ యడిగినదియు, మన యిల్లాలు కోరినదియు నొక్కటియే.

ఇక్కడివారి విద్య గ్రామములలోనికిని వ్యాపించినది. శిశువుల ప్రాణములు దీయు రొమ్ముజబ్బును గుర్తించుటకు నిమిషమునకు శ్వాస లెన్నో లెక్కింపవలెను. పల్లెమంత్రసానులకు పెద్దలెక్కలు రావు. అందుచే నిసుకగడియారమును, కొన్ని పూసలను గూర్చి యొక పనిముట్టు చేసిరి. పది శ్వాసలకొక పూస జరుపవలెను. ఇసుక జాఱుట ముగియకమున్నే యెఱ్ఱపూస వచ్చినచో బిడ్డకు జబ్బున్నదని తెలియును. లెక్క రానిది మంత్రసాని దోషమనక, లెక్కనే యామె చేతికి దగినట్లు మార్చిరి.

పిదప 1995 మొదలు 39 గ్రామములలో, ఊరి స్త్రీలకే శిక్షణ యిచ్చి, బాలింతల యిండ్లకు బంపిరి. మూడవయేట, ఈ సేవ లేని పల్లెలలో పుట్టిన వేయిమంది శిశువులలో నించుమించు 60 మంది నెల నిండకయే మరణింపగా, సేవ యున్న పల్లెలలో నది 25 ప్రాంతమునకు దిగినది. 1999లో నీ ఫలితము ప్రకటింపబడినది. 2011లో భారతప్రభుత్వము ఆశా కార్యకర్తల మూలమున నిట్టి సేవను దేశమంతట నారంభించినది.

మందుకంటె కష్టమైనది యలవాటు మాన్పుట. మద్యమువలన సంసారములు చెడుట చూచి, యీ జిల్లా ప్రజలు సంవత్సరములతరబడి యుద్యమము సాగింపగా, 1993లో నిచ్చట మద్యనిషేధ మమలునకు వచ్చినది. సోదరీమణులారా! 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో మన స్త్రీలు సారాపై నెత్తిన యుద్యమము మీకు దెలియును. ఆ 1993లోనే ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణనిషేధము వచ్చి, 1997లో తొలగినది. గడ్చిరోలిలో నిషేధము నిలిచినది గాని, దొంగచాటు అమ్మకము మాత్ర మాగలేదు. అందుచే 2016లో ముక్తిపథ మను కార్యక్రమ మారంభమైనది. గ్రామసంఘములు తామే తీర్మానించుకొని యమ్మకము నాపించును. త్రాగుడు మానదలచినవారికై గ్రామములలోనే శిబిరములు జరుగును.

ఇక ఖర్రా యున్నది. పోకచెక్క, పొగాకు, సున్నము కలిపి నలిపిన దీనిని పురుషులేగాక స్త్రీలును నమలుదురు. నోటిపుండ్లకును, పుట్టకురుపునకును నిది మూలము. అయినను బస్సులో నా ప్రక్కనున్న గృహిణి యాదరముతో దాని పొట్లము నాకు చాచినది. వలదన్నచో నామె నొచ్చుకొనునేమో యని తోచి, చేతులు జోడించితిని. మర్యాదగా నిచ్చుదానిని చట్టమొక్కటియే మాన్పజాలదు. ఆ మర్యాదకు మాఱు మర్యాదను ఆ యూరి స్త్రీలే కనిపెట్టవలెను. ముక్తిపథమువారు గ్రామసంఘములను నమ్ముకొనుట యిందుకేయని నాకు బోధపడినది.

మన ఆదిలాబాదు, భద్రాచలము, పాడేరు సీమలలోను గోండులు, కోయలు, బగతలు మొదలగువారు గలరు. వారికొఱకు కట్టడములు, బండ్లు, మందులు వచ్చుచునే యున్నవి, రావలయును గూడ. కాని కట్టుటకు ముందు, "అమ్మా, మీ కిచ్చటికి వచ్చుటకు భయమెందుకు?" అని యడుగువా రొక్కరైన నుండవలెను. ఆ ప్రశ్నకు ధనవ్యయము లేదు. దాని జవాబును వినుటకు మాత్రము ఓపిక కావలెను. పసిబిడ్డల యేడుపునుబట్టి వారి బాధ గనిపెట్టుట నేర్చిన మనకు, ఆ యోపిక క్రొత్తది గాదు.