తొట్టిలో తిరగబడ్డ పడవ

పిల్లలూ! మా ఇంట్లో పుస్తకాల బీరువా మీద ఒక పడవ ఉన్నది. పొడవు జానెడున్నర, బరువు పావు కిలో. నాజూకైన పొట్ట, వెదురుపుల్ల తెరచాప కొయ్య, పాత పంచె చింపి కుట్టిన తెరచాప. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కాని దాని పొట్ట కింద ఒక చెక్కపలక, ఆ పలక అడుగున ఆరు ఇనుపనట్లు తుప్పు పట్టి వేలాడుతూ ఉంటాయి. మా ఇంటికి వచ్చిన ప్రతివారూ, "ఇంత చక్కని పడవకు ఈ తుప్పునట్లు ఏమిటండీ?" అని అడుగుతారు. ఆ నట్లు లేకుండా ఈ పడవ ఒకే ఒక్కసారి నీళ్ళలోకి దిగింది. అప్పుడు ఏం జరిగిందో చెబుతాను.

అది 1995వ సంవత్సరం. నేనింకా హెడ్మాస్టరును కాలేదు, పటాన్‌చెరులో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. పటాన్‌చెరు పేరులోనే చెరువున్నది, ఊళ్ళో సాకి చెరువూ ఉన్నది. అయినా అప్పటికే ఆ ఊరు ఫ్యాక్టరీల ఊరయిపోయింది. ఎక్కడెక్కడి నుంచో పనికోసం వచ్చిన వాళ్ళ పిల్లలు మా బడిలో చేరేవారు. ఆ ఏడు తొమ్మిదో తరగతిలోకి గోదావరి జిల్లా నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. తక్కిన పిల్లలంతా నన్ను "సార్" అంటే, వాడు "మాస్టారండీ" అనేవాడు. అందుకని పిల్లలు వాణ్ణి "గోదావరి" అని పిలవసాగారు. వాడికి కోపం వచ్చేది కాదు.

బడిలో సైన్సు ప్రదర్శన పెడుతున్నామని తెలియగానే, "పడవ చేద్దామండీ" అన్నాడు వాడు. వాళ్ళది తాళ్ళరేవు వైపు. కాకినాడకు దగ్గరలో, కోరంగి పక్కన ఉంటుంది ఆ ఊరు. అక్కడ కొయ్య ఓడలు కట్టే వడ్రంగులు తరతరాలుగా ఉన్నారు. వాడి తాత కూడా ఆ పనే చేసేవాడట.

నాకు ఉత్సాహం పుట్టింది. హైదరాబాదులో బొమ్మ విమానాల సరుకు అమ్మే దుకాణానికి వెళ్ళి బాల్సా పలకలు కొనుక్కు వచ్చాను. బాల్సా అంటే దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఈక్వడార్ దేశంలో పెరిగే చెట్టు. మన బూరుగు చెట్టుకు దూరపు చుట్టం. చాలా త్వరగా ఎదుగుతుంది, అందుచేత దాని కొయ్య గుల్లగా, తేలికగా ఉంటుంది. ఒక లీటరు నీళ్ళు కిలో తూగుతాయి గదా! అంతే పరిమాణం గల టేకు ముక్క సుమారు 650 గ్రాములు తూగితే, బాల్సా ముక్క 160 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. స్పానిష్ భాషలో బాల్సా అన్న మాటకు అర్థమే తెప్ప. మనకు నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్ర ఉన్నది. అదీ తేలికే గాని, బాల్సా అంత తేలిక కాదు.

పని మొదలుపెట్టాం. రెండు సెంటీమీటర్ల మందం పలకలు మూడు తీసుకున్నాం. ఒక్కొక్కదాని మీద నిలువునా మధ్యగీత గీశాం. పై పలక మీద పడవ పూర్తి ఆకారం, మధ్య పలక మీద కొంచెం సన్ననిది, అడుగు పలక మీద ఇంకా సన్ననిది గీసి కోశాం. పై రెండింటికీ లోపలి భాగం తొలిచేశాం. మూడింటినీ జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, రాత్రంతా ఇటుకలు పెట్టి ఉంచాం. తెల్లవారి చూస్తే మెట్లు మెట్లుగా ఒక పడవ తయారయింది. ఆ మెట్లను కత్తితో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది నున్నన చేయాలి. బాల్సాకు మొద్దుకత్తి పనికిరాదు సుమా! మెత్తని కొయ్య గదా, ఏ కత్తయినా తెగుతుందనుకుంటాం. మొద్దుకత్తి దాన్ని కోయదు, నలుపుతుంది. కుడివైపూ ఎడమవైపూ సరిగా కుదిరాయో లేదో చూడటానికి అట్టముక్కలు వంపుగా కత్తిరించి, ఒకవైపు ఆనించి చూసి, వాటినే తిప్పి రెండోవైపు ఆనించేవాళ్ళం. వాడు మాత్రం అట్ట అవసరం లేకుండా, ఒక కన్ను మూసి చూసి, "ఇక్కడ బొద్దుగా ఉందండి" అనేవాడు. అట్ట పెడితే నిజమే అయ్యేది. చివరకు మూడుసార్లు వార్నీషు పూశాం. లేకపోతే బాల్సా నీళ్ళు తాగేస్తుంది.

తూకం వేస్తే 90 గ్రాములు! నా ఆనందానికి మేర లేదు.

మర్నాడు చూద్దును గదా, వాడు పడవ అడుగున గాడి తీసి ఒక పలక నిలబెట్టాడు. దాని కింద ఆరు నట్లు! బొంబాయి రోడ్డు పక్కన ఒక లేతు షాపువాణ్ణి అడిగి, తుక్కులోంచి ఏరి తెచ్చాడట. నట్లే 150 గ్రాములున్నాయి.

"ఇదేమిటిరా? తేలికగా ఉండాలని గదా ఇంత కష్టపడి బాల్సా తెచ్చింది!" అన్నాను.

"అడుగున బరువు లేకపోతే బోల్తా కొట్టేస్తుందండి మాస్టారూ," అన్నాడు వాడు.

నేను నవ్వి, వాడికి కాన్-టికి కథ చెప్పాను. 1947లో థోర్ హేయర్‌డాల్ అనే నార్వేవాడు తొమ్మిది బాల్సా దుంగలతో తెప్ప కట్టి, అయిదుగురు తోడుతో పెరూ నుంచి బయలుదేరి, 101 రోజులు పసిఫిక్ మహాసముద్రం మీద ప్రయాణం చేసి రరోయియా దీవి చేరాడు. "మహాసముద్రమే దాటింది బాల్సా. మన తొట్టిలో మునుగుతుందా?" అన్నాను. వాడు ఏమీ అనలేదు. మేష్టారు చెప్పిన తరవాత పిల్లవాడు ఏమంటాడు? ఆ సాయంత్రం పలకా నట్లూ ఊడదీసి వాడి చేతికిచ్చి, గాడిలో జిగురూ రంపపుపొట్టూ కూరి, పైన వార్నీషు పూశాను. బక్కెట్‌లో వేసి చూస్తే హంసలా తేలింది. అప్పటికింకా తెరచాప కొయ్య నిలబెట్టలేదు. నాకది తట్టనే లేదు!

ప్రదర్శన రోజు వచ్చింది. పెద్దలు వచ్చారు, పిల్లలు తొట్టి చుట్టూ మూగారు. జానెడున్నర కొయ్య, దానికి తెల్లని తెరచాప. గాలి కోసం బల్లమీద ఫాను పెట్టాం. పడవను నీళ్ళలో వదిలి ఫాను మీట నొక్కాను. తెరచాప పొంగింది. పడవ ఒక్క జానెడు కూడా సాగలేదు. పక్కకు ఒరిగి, తెరచాప నీళ్ళమీద పరిచి, వెల్లకిలా తిరగబడింది. అందరూ గొల్లున నవ్వారు. ఎవరో, "గోదావరి పడవ మునిగింది!" అన్నారు. వాడి ముఖం చూశాను. ఏడుపు లేదు, కోపం లేదు. కుడిచెయ్యి మాత్రం నిక్కరు జేబులో ఉన్నది. మరునిమిషంలో పెద్దలు పక్క బల్ల దగ్గరకు వెళ్ళిపోయారు.

ఎందుకు తిరగబడింది? పడవ బరువు మొత్తం ఒకచోట నుంచి కిందికి లాగుతున్నట్టూ, నీళ్ళు మునిగిన భాగం నడుమనుంచి దాన్ని పైకి నెడుతున్నట్టూ అనుకోండి. పడవ ఒరిగినప్పుడు మునిగిన భాగం ఆకారం మారి, పైకి నెట్టే చోటు ఒరిగిన వైపుకు జరుగుతుంది. బరువు కిందుగా ఉంటే, ఈ రెండు శక్తులూ కలిసి పడవను మళ్ళీ లేపుతాయి. తోసినకొద్దీ లేచి నిలబడే తంజావూరు బొమ్మను చూశారా? దాని కిటుకు కూడా అడుగు బరువే. మా పడవలో పొట్ట బొత్తిగా తేలిక, కొయ్యా తెరచాపా పైన. మరి కాన్-టికి? అది వెడల్పాటి తెప్ప. ఒకవైపు దిగబడితే ఆ వైపు దుంగలే దాన్ని పైకి నెట్టేస్తాయి. మాది బెత్తెడు వెడల్పు సన్నపడవ. ఈ తేడా నేను చూడలేదు, వాడు చూశాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక వాడూ నేనూ తొట్టి దగ్గర కూర్చున్నాం. "ఆ నట్లు ఏం చేశావురా?" అన్నాను. జేబులోంచి తీశాడు. ఆరూ ఉన్నాయి. పొద్దుటి నుంచి జేబులోనే పెట్టుకు తిరిగాడన్నమాట! నేను పూడ్చిన గాడిని నేనే మళ్ళీ తొలిచాను. జిగురు ఆరేదాకా ఆగలేక పలకను దారంతో కట్టేశాం. ఫాను వేస్తే పడవ ఒరిగింది, ఒక్క క్షణం ఆగింది, లేచింది, తొట్టి ఆ గట్టుకు వెళ్ళి తగిలింది. మేము తప్ప చూసిన వాళ్ళు మా బడి ప్యూను ఒక్కడే.

మర్నాడు ప్రార్థన సమయంలో పిల్లలందరి ముందూ, "నిన్న పడవ తిరగబడటానికి కారణం నేను. కట్టినవాడు సరిగ్గానే కట్టాడు. నేను నట్లు తీసేశాను," అని చెప్పాను. తోటి మేష్టరు ఒకాయన తరవాత నన్ను పక్కకు పిలిచి, పిల్లల దగ్గర అంత పలచన కావటం ఎందుకన్నాడు. ఏమో, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టింది.

చాలాకాలం తరవాత నేను వాసా అనే స్వీడన్ ఓడ సంగతి చదివాను. రాజుగారి యుద్ధనౌక అది. రెండు అంతస్తుల నిండా ఫిరంగులు. ప్రయాణానికి ముందు 30 మంది నావికులను ఓడమీద ఈ పక్కనుంచి ఆ పక్కకు పరుగెత్తించి చూశారు. మూడు పరుగులకే ఓడ ప్రమాదంగా ఊగటంతో పరీక్ష ఆపించారు. ఆపించారే గాని, రాజుగారితో ఎవరూ చెప్పలేదు. 1628 ఆగస్టు 10న ఓడ స్టాక్‌హోం రేవు వదిలి, సుమారు 1300 మీటర్లు వెళ్ళి, చిన్న గాలికే ఒరిగి మునిగిపోయింది. 1961లో దాన్ని పైకి తీశారు. ఈ కాలంలో ఓడ కట్టకముందే చిన్న నమూనా చేసి పరీక్షిస్తారు. మన విశాఖపట్నంలో నౌకాదళ పరిశోధనశాలలో అందుకోసం అర కిలోమీటరు పొడవు తొట్టి ఉన్నది. వాసా కథ చదువుతున్నంతసేపూ, నిక్కరు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడిన మా గోదావరే నా కళ్ళముందు మెదిలాడు.

ఆ మరుసటి ఏడు వాళ్ళ నాన్నకు పని పోయింది, ఊరు వెళ్ళిపోయారు. టీసీ తీసుకోవటానికి వచ్చినప్పుడు వాడు పడవ తెచ్చి నా బల్లమీద పెట్టాడు. "బస్సులో విరిగిపోద్దండి మాస్టారూ, మీ దగ్గరుంచండి" అన్నాడు. తరవాత వాడి జాడ తెలియలేదు.

మొన్న మా మనవరాలు పడవను దింపి, నట్లు తీసేసి కొత్త రంగు వేద్దామన్నది. రంగు వేద్దువుగాని, నట్లు మాత్రం ముట్టుకోకన్నాను. ఎందుకని అడిగింది. సమాధానం చెప్పకుండా స్నానాలగదిలో పెద్ద తొట్టి నింపమన్నాను. నీళ్ళు నిండుతుంటే, నేను బల్లఫాను కోసం అటక మీద వెతుకుతున్నాను.