అచ్చు బొమ్మలలో అమ్మలు

పిల్లలూ! జపాను రాజధాని టోకియో పేరు మీరు వినే ఉంటారు. 1868కి పూర్వం ఆ నగరాన్ని ఎడో అనేవారు. రెండు వందల ఏళ్ళ క్రితం ఎడో తల్లులు తమ బిడ్డలను ఎలా పెంచేవారో చూడాలని ఉందా? ఆనాటికి ఫోటోలు లేవు. అయినా చూడవచ్చు. చెక్క అచ్చులతో వేసిన బొమ్మలు ఆ ఇళ్ళ తలుపులు మనకు తెరుస్తాయి.

ఈ బొమ్మ ఒక్కరి పని కాదు. చిత్రకారుడు పలచని కాగితం మీద బొమ్మ గీసి ఇస్తాడు. చెక్కేవాడు దాన్ని చెర్రీ చెక్కమీద బోర్లా అంటించి, గీతలు మాత్రం ఉబ్బెత్తుగా నిలిచేటట్టు మిగతా చెక్కను తొలిచేస్తాడు. ఆపైన రంగుకొక చెక్క కావాలి. అచ్చువేసేవాడు చెక్కకు రంగు పూసి, తడికాగితం పరిచి, వెదురు పొర చుట్టిన బిళ్ళతో రుద్దుతాడు. కాగితం వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడిందన్నమాటే! అందుకే ప్రతి చెక్కకూ అంచున గుర్తులు చెక్కి, కాగితాన్ని వాటికి ఆనించేవారు. ఇలా అనేక రంగులు అచ్చువేయటం 1765లో మొదలైంది.

ఈ బొమ్మలు వేసినవారిలో ఉతమారో చాలా గొప్పవాడు. ఆయన బొమ్మ ఒకదానిలో తల్లి కొయ్యతొట్టిలో బిడ్డకు నీళ్ళు పోస్తున్నది. మరొకదానిలో పిల్లవాడు పీడకల వచ్చి జడుసుకున్నాడు, తల్లి ఓదారుస్తున్నది. ఆ కలలోని దయ్యాలను కూడా ఉతమారో పక్కనే గీసి చూపాడు! జపాను కథలలో యమౌబా అనే అడవి స్త్రీ ఉన్నది. ఆమె పెంచిన కింతారో ఎలుగుబంటితో కుస్తీ పట్టేవాడట. అంతటి బలశాలి కూడా ఉతమారో బొమ్మలలో అమ్మను అంటిపెట్టుకుని ఉండే పసివాడే.

ఒక విచిత్రం వినండి. హిదెయోషి అనే పూర్వపు పాలకుణ్ణి బొమ్మలలో చూపినందుకు 1804లో ప్రభుత్వం ఉతమారోను శిక్షించింది. 50 రోజులు ఆయన చేతులకు సంకెళ్ళు వేశారు. 1806లో ఆయన చనిపోయాడు. పాలకుడి బొమ్మ ఆయనకు సంకెళ్ళు తెచ్చింది. మరి తల్లుల బొమ్మలో? అవి సముద్రాలు దాటాయి. 1890లో పారిస్‌లో జపాను అచ్చు బొమ్మల ప్రదర్శన జరిగింది. మేరీ కసాట్ అనే అమెరికా చిత్రకారిణి దాన్ని చూసి ముగ్ధురాలై, తానూ పది రంగుల బొమ్మలు తయారుచేసింది. వాటిలో మొదటిది, బిడ్డకు స్నానం చేయించబోతున్న తల్లి!

ఎడోలో నీళ్ళుపోసిన ఆ తల్లి పేరేమిటో ఎవరికీ తెలియదు. ఆమె బొమ్మను చెక్కినవాడి పేరూ తెలియదు. కాని ఆమె చేసిన పని చూడగానే అందరికీ అర్థమవుతుంది. రోజూ కళ్ళెదుట జరిగే పనిని మనం సాధారణంగా గమనించం. ఉతమారో గమనించాడు.

ఈ ఆదివారం మీరూ కాగితం, పెన్సిలు తీసుకోండి. మీ అమ్మ చేసే పని ఏదైనా ఒకటి శ్రద్ధగా చూసి, బొమ్మ గీయండి.