ఆకునుండి వచ్చిన మాత్ర

మా వెంకటాచలము మండలమందలి కాకుటూరున విక్రమ సింహపురి విశ్వవిద్యాలయ ముండుటచేత, పుస్తకములు చేతబట్టి పోవు బాలికలను మేము ప్రతిదినము చూచుచుందుము. వారినిజూచి మా వీధిలోని పెద్దమ్మలు కొందరు “విశ్వవిద్యాలయములలో చేయు పరిశోధనలవలన మన వంటయింటికి ఏమి లాభము?” అని యడుగుదురు. ప్రశ్న తప్పుకాదు. అయితే సమాధానము వారి యింటి గూటిలోనే యున్నది. గర్భిణియైన కోడలికి ఆరోగ్యకేంద్రమువా రిచ్చిన యినుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలే యా సమాధానము.

ఆ మాత్రలు మ్రింగినచో బిడ్డ నల్లగా పుట్టునని యొకరు, బిడ్డ మిక్కిలి పెరిగి కాన్పు కష్టమగునని మరియొకరు బెదరింతురు. మా పొరుగింటి చిన్నకోడలు ఈ మాటలు విని నెలదినములు మాత్రలను చీరల మడతలలో దాచినది. ఐదవ మాసము వచ్చునప్పటికి నాలుగు మెట్లెక్కిన నాయాసము, కనురెప్పల లోపల సున్నపు తెలుపు. ఆమెకు మేము చెప్పిన కథనే సోదరీమణులకును విన్నవించుచున్నాము.

లూసీ విల్స్ అను నాంగ్లేయ వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చినది. అచ్చటి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణులనేకులు రక్తహీనతచే కృశించుచుండిరి. ఆ రక్తమును సూక్ష్మదర్శినితో చూచినచో ఎఱ్ఱకణములు తక్కువ. ఉన్నవియు వాచినట్లు పెద్దవై యుండెను. ఇది యినుముతో కుదురు రోగము కాదు. పిండి పులియబెట్టు ఈస్టు సారమును తినిపింపగా వారు కోలుకొనిరి. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించినది గాని, ఆ సారములోని యే పదార్థము గుణమిచ్చెనో తేలలేదు. 1941లో అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయమువారు నాలుగు టన్నుల పాలకూరనుండి రవ్వంత పదార్థమును వేరుచేసి, లాటిను భాషలో ఆకునకు గల పేరునుబట్టి దానిని ఫోలిక్ ఆమ్లమనిరి. బండ్లకొలది ఆకునుండి చిటికెడు మందు వచ్చునెడల నది పేదరాలికి అందునా? ఆ చిక్కు విడదీయవలసియుండెను.

దానిని విడదీసినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. తండ్రి పోయిన పిమ్మట తల్లి వెంకమ్మగారు నగలమ్మి చదివించినదని చెప్పుదురు. అన్నదమ్ము లిరువురు స్ప్రూ అను గ్రహణిరోగముచే మరణించుట ఆయన మనస్సున ములుకువలె నాటుకొనినది. మదరాసులో వైద్యము చదివి, ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1922లో బోస్టను చేరిరి. రాత్రులు ఆసుపత్రిలో రోగుల పాత్రలు కడుగుచు, పగళ్లు హార్వర్డు విశ్వవిద్యాలయమున పనిచేసిరి. అచ్చటనే ఫిస్కె అను నాచార్యునితో కలసి, రక్తమందలి భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు పదార్థములను బయల్పఱచిరి. ఇంత చేసినను ఆయనకచ్చట స్థిరమైన యుద్యోగము దొరకలేదు. 1940లో లెడర్లీ అను మందుల సంస్థకు పోయిరి. 1945లో ఆయనయు తోడివారును పదునార్గురు కలసి ఫోలిక్ ఆమ్లమును శాలలోనే తయారుచేయు మార్గమును ప్రకటించిరి. అన్నదమ్ములను గొనిపోయిన స్ప్రూ రోగమునకును ఇదియే ఔషధమయ్యెను. మన కోస్తావారిని పీడించు బోదకాలునకు డైఇథైల్ కార్బమజైన్ అను మందు 1947లో ఆ శాలనుండియే వచ్చినది.

సుబ్బారావుగారిని కొనియాడు వ్యాసములను మేము పెక్కు చదివితిమి. వానిలో ఆయన భార్య శేషగిరిగారికి రెండు పంక్తులకంటె నెక్కుడు దొరకవు. 1919లో వివాహము, మూడేండ్లకు భర్త సముద్రము దాటెను. ఆయన చదువునకు ధనమిచ్చి యాదుకొన్నవారు ఆమె తండ్రిగారే. పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. తండ్రి యా బిడ్డ ముఖమైనను చూడలేదు. ఆయన మరల స్వదేశమునకు రానేలేదు. 1948 ఆగస్టు మాసమున 53 యేండ్ల వయసున అమెరికాలోనే కన్నుమూసిరి. లోకమందలి గర్భిణుల కందఱకును మందు చేకూరినది. ఆ యిల్లాలికి మాత్రము ఉత్తరములే మిగిలినవి. ఈ లెక్క మాకెన్నడును సరిపడలేదు.

కథ విని చిన్నకోడలు “నల్లబిడ్డ మాట యేమండీ?” అని మరల నడిగినది. బిడ్డ వన్నె తలిదండ్రులది, మాత్రది కాదు. ఇనుమువలన నల్లబడునది మలము. దానికి భయపడ బనిలేదు. నాల్గవ మాసమునుండి దినమున కొకటి చొప్పున 180 దినములును, కాన్పైన పిమ్మట మరల 180 దినములును మ్రింగవలెను. ఒక్కొక్కదానియందు 60 మిల్లీగ్రాముల యినుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము నుండును. కాఫీ, తేనీరులతో మ్రింగినచో ఇనుము ఒంటబట్టదు, నిమ్మరసము మేలు. ఆకుకూరను కుతకుత నుడికించి నీరు పారబోయుట మన వంటయిండ్లలోని యపచారము. ఫోలిక్ ఆమ్లము ఆ నీటితోనే పోవును. గర్భము నిలిచిన నాలుగు వారములలోపుననే శిశువు వెన్నునాళము మూసికొనును గావున, బిడ్డను కోరు స్త్రీలు ముందునుండియే వైద్యు నడిగి ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనుట మంచిది. అట్టి లోపముగల బిడ్డను మునుపు కన్న తల్లులకు దీని నిచ్చి చూడగా, ఆ లోపము మరల కలుగుట నూటికి 72 పాళ్లు తగ్గెనని 1991లో ఇంగ్లండువారు కనుగొనిరి.

సుబ్బారావుగారి శాలవారు ఫోలిక్ ఆమ్లమును బోలియుండి, దాని పనిని అడ్డగించు పదార్థములను సైతము చేసిరి. వానిలో అమినోప్టెరిన్‌ను రక్తపు క్యాన్సరుగల పిల్లలకిచ్చి, కొందఱియందు రోగము కొంతకాలము తగ్గినదని బోస్టనులోని ఫార్బరు అను వైద్యుడు 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేడు కీళ్లవాతమునకును వాడుచున్నారు. మా యత్తగారును దీనినే పుచ్చుకొందురు. ఇది వారమున కొక్కదినమే. ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. అందుచే గోడమీది పంచాంగము ప్రక్కను “ఆదివారము మెథోట్రెక్సేటు, బుధవారము ఫోలిక్ ఆమ్లము” అని వ్రాసి యంటించితిమి. గర్భిణులకు మెథోట్రెక్సేటు తగదు గనుక, దాని డబ్బాను కోడలి మాత్రలతో కలుపక, అత్తగారి పెట్టెలోనే యుంచి తాళము వేయుచున్నాము.