తుప్పు మీదే రంగు వేసేశాం

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

సంక్రాంతి సెలవులకి హాస్టల్ నుంచి ఇంటికెళ్ళి మేం చేసింది ఒకటే పని, నాన్న జీపుకి తుప్పు వదిలించడం. మేం అంటే తమ్ముడు, నేను. మాది పాడేరు వైపు. ఆ పాత కమాండర్ జీపు మీదే మా ఇల్లు నడిచింది. సంతకి పసుపు మూటలు, ఆస్పత్రికి పురిటి నొప్పులొచ్చినవాళ్ళు, అందరూ అందులోనే.

పోయిన ఏడాది కూడా ఇలాగే వచ్చి, తుప్పు పైపైన గీకి పెయింట్ కొట్టేశాం. కొత్త జీపులా ఉందన్నారు ఊళ్ళోవాళ్ళు. ఈసారి చూస్తే రంగంతా బుడగలు! తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, లోపల పెరుగుతూ పెయింట్‌ని పైకి లేపేస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీలో తుప్పు గురించి రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, అది మన జీపు సంగతేనని తట్టలేదు.

వెనక సీట్ల దగ్గర కింద గోనెసంచి పరిచి ఉంది. తీయబోతే నాన్న "అది ఉండనీండ్రా" అన్నాడు. తీశాం. కింద రేకు జల్లెడైపోయింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అలా దిగిపోయింది. ఎక్కినవాళ్ళు కాళ్ళు పెట్టేది అక్కడే కదా. కాసేపటికి నాన్నే, "మీ ఫీజులు కట్టాక చేయిద్దామనుకున్నాను" అన్నాడు. మాకు మాట రాలేదు.

మూడు రోజులు పట్టింది. చిల్లులు పడ్డ రేకు వెల్డింగ్ షాపులో కోయించి కొత్తది వేయించాం. మిగతాది మేమే. కళ్ళద్దాలు, మూతికి గుడ్డ, చేతిలో వైరు బ్రష్షు. బుడగ ఉన్నంతవరకే కాదు, చుట్టూ మంచి ఇనుము మెరిసేదాకా గీకాలి. తర్వాత 80 నంబరు ఎమరీ కాగితం, ఆ తర్వాత 120. థిన్నర్ గుడ్డతో తుడిచి, గుంటల్లో మిగిలిన మచ్చలకి గ్లౌజులు వేసుకుని ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు, డబ్బా మీద రాసినట్టే. బాగా ఆరాక రెడాక్సైడ్ ప్రైమర్, దాని మీద పెయింట్.

ఒక్క తప్పు చేశాం. చీకటి పడిందని గీకిన తలుపొకటి ప్రైమర్ వేయకుండా వదిలేశాం. మన పొగమంచు సంగతి తెలుసు కదా, పొద్దుటికి ఎర్రబడింది. మళ్ళీ మొదట్నుంచీ.

మేం తిరిగొచ్చే రోజు నాన్నే జీపులో బస్సు దగ్గర దింపాడు. కింద గోనెసంచి లేదు.

మీ ఇంట్లో జీపో ఆటోనో ఉంటే, ఈసారి సెలవులకెళ్ళినప్పుడు కింద పరిచింది ఎత్తి చూడండి. మనం అడక్కపోతే మనవాళ్ళు చెప్పరు.