ఎర్త్ ఎక్కడుంది బాబూ

నీళ్ల మీద బండి ఆగిపోతే కమ్ముకునే నిశ్శబ్దం వేరు. రోడ్డు మీదైతే కాలు కింద ఆనించవచ్చు, పక్కకు తోసుకుపోవచ్చు. ఫీనిక్స్‌కి ఉత్తరాన లేక్ ప్లెజెంట్‌లో, ఒడ్డుకు చాలా దూరంలో మా పాత జెట్‌స్కీ రెండుసార్లు దగ్గి ఆగిపోయిన మధ్యాహ్నం, ఫైబర్ పొట్టను చిన్న చిన్న అలలు తట్టే చప్పుడు మొదటిసారి విన్నాను. స్టార్టర్ నొక్కితే ఇంజన్ గిర్రున తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదు. ఎవరో పడవవాళ్లు తాడు వేసి ఒడ్డుకు లాగిపెట్టారు. అరగంట తరవాత, ట్రెయిలర్ ఎక్కించబోతూ ఊరికే ఒకసారి నొక్కి చూశాను. ఏమీ జరగనట్టు అందుకుంది.

మూడు వారాలు అదే వరస. ఇరవై నిమిషాలు పరుగు, ఆ తరవాత మౌనం. ఇంటికి తెచ్చి గ్యారేజీలో ప్లగ్గు తీసి చూస్తే నీలంగా, టప్‌టప్‌మని కరెంటు. చల్లగా ఉన్నంతసేపూ దానిలో ఏ దోషమూ దొరకదు. వేడెక్కాక, నేను పరికరాలకు దూరంగా నీళ్ల మధ్య ఉన్నప్పుడే పోతుంది.

బండి 1990ల మొదట్లోది. రెండు సిలిండర్లు, టూ-స్ట్రోక్, కార్బురేటర్. నా దగ్గరికి రాకముందు కాలిఫోర్నియా తీరంలో, ఉప్పునీళ్లలో తిరిగింది. నిజానికి ఈ వాహనానికి అరిజోనా పరాయి ఊరు కాదు. నీళ్ల మీద మోటారుసైకిలులా నడిచేది ఒకటి ఉండాలని 1960లలో కలగన్న క్లేటన్ జేకబ్సన్ మోటోక్రాస్ రేసర్. 1973లో కవాసాకి ‘జెట్‌స్కీ’ పేరుతో అమ్మకానికి తెచ్చింది. వనస్పతికి డాల్డా అన్నట్టు, ఆ కంపెనీ పెట్టిన పేరే ఇప్పుడు అన్నిటికీ పేరైంది. కొలరాడో నదికి పార్కర్ డ్యామ్ కట్టగా ఏర్పడిన ఇక్కడి లేక్ హవాసులోనే దీని ప్రపంచ పోటీలు ఏళ్ల తరబడి జరిగాయి.

కాలం మాత్రం ఈ పాత ఇంజన్ల వైపు లేదు. కార్బురేటర్ టూ-స్ట్రోక్‌లను లేక్ తాహోలో 1999లోనే నిషేధించారు. కాలకుండా మిగిలిన పెట్రోలూ ఆయిలూ ఇవి నీళ్లలోకి వదులుతాయి కాబట్టి ఆ నిషేధం న్యాయమేనని నేను ఒప్పుకుంటాను. 2002 నుంచి ఫోర్-స్ట్రోక్‌లు వచ్చాయి. అయినా దీన్ని అమ్మలేదు, నెలకు ఒకసారి తీస్తాను. కారణం ఒకటే. ఇందులో ఉన్న ప్రతిదీ చేతికి అందుతుంది. తప్పు ఎక్కడుందో తెరమీద అంకె వేసి చెప్పే కంప్యూటరు లేదు. మనమే వెతకాలి.

ఆ వేసవిలో మామగారూ అత్తగారూ ఆరునెలలకని వచ్చారు. తెనాలిలో ఆయనది స్కూటర్ల షాపు. ముప్ఫై ఏళ్లు నడిపి మూసేశారు. మా ఇంట్లో ఆయన చేతికి పనేమీ లేదు. గిన్నెలు మెషీన్ తోముతుంది, బయట 43 డిగ్రీల ఎండలో నడవలేరు. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు ఫోనులో చదివి, గోడ గడియారం వైపు చూసేవారు. నేను గ్యారేజీలో, ప్లగ్గులకు కరెంటు పంపే సి.డి.ఐ. డబ్బా కొత్తదాని ధర చూస్తూ కూర్చున్న శనివారం, వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“ఏం మార్చారు బాబూ ఇప్పటిదాకా?”

చెప్పాను. ప్లగ్గులు రెండూ. ప్లగ్గు క్యాపులు రెండూ. ఇక సి.డి.ఐ. మిగిలింది.

“మార్చడం తరవాత. వెతకడం మొదలెట్టారా?”

ఆ మాటలో కోపం లేదు. కానీ ఆ తేడా నాకు అప్పటిదాకా తట్టలేదు. నేను చేస్తున్నది వెతుకులాట అనుకున్నాను. నిజానికి ఒక్కొక్క భాగం మీదా నేరం మోపి, డబ్బు కట్టి, నిర్దోషి అని తేలాక ఇంకోదాని మీద మోపుతున్నాను.

ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, కరెంటు పుట్టేచోటి నుంచి నన్నే చెప్పమన్నారు. ఫ్లైవీలులో అయస్కాంతాలు తిరుగుతాయి. లోపలి కాయిల్‌లో కరెంటు పుడుతుంది. సి.డి.ఐ. ఆ కరెంటును ఒక కెపాసిటర్‌లో కూడబెడుతుంది. పికప్ కాయిల్ ‘ఇప్పుడు’ అనగానే ఒక్కసారిగా హెచ్.టి. కాయిల్‌లోకి వదిలేస్తుంది. అక్కడ వేల వోల్టులై ప్లగ్గు దగ్గర దూకుతుంది. సి.డి.ఐ. ఆయనకు కొత్త కాదు. పాయింట్ల కాలం పోయి మోపెడ్లలోకి, స్కూటర్లలోకి అది వచ్చిన రోజులు ఆయన షాపులోనే చూశారు. రెండు సిలిండర్లకూ ఒకే కాయిల్ అన్నప్పుడు మాత్రం ముందుకు వంగారు.

ఆ కాయిల్‌కి రెండు కొసలు. రెండు ప్లగ్గులూ ఒకేసారి వెలుగుతాయి. కరెంటు ఒక ప్లగ్గులోంచి దూకి, ఇంజన్ లోహంలోంచి నడిచి, రెండో ప్లగ్గులోంచి కాయిల్‌కి తిరిగి వస్తుంది. అందుకే ఒక ప్లగ్గును ఇంజన్‌కి ఆనించి రెండోదాన్ని గాలిలో వేలాడదీసి చూస్తే, దారి తెగి, బాగున్న కాయిల్ కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. దానికి హాని కూడా. రెండూ ఆనించాలి. అవి సిలిండరు రంధ్రాలకు దూరంగా ఉండాలి. ఇంజన్ తిరిగితే ఆ రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముతుంది. మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చాకే మేం చెయ్యి పెట్టాం. పడవ పొట్టలో పేరుకున్న ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ విషయంలో మామగారు నాకన్నా మొండి.

మొదట స్టాప్ స్విచ్. దీన్ని ఆపే పద్ధతిలో ఒక విచిత్రం ఉంది. స్విచ్ నొక్కితే కరెంటు తెగదు, ఎర్త్‌లోకి పోతుంది. అంటే స్విచ్‌లోకి నీరు దూరితే బండి తనను తానే ఆపుకుంటుంది. ఆ తీగ ఊడదీసి చూశాం. దోషం అక్కడ లేదు. తరవాత క్యాపులు. అయిదు వేల ఓములకు అటూ ఇటూగా రెండూ సరిగ్గా ఉన్నాయి. అయినా ఆయన హెచ్.టి. వైరు కొసను పావు అంగుళం కోసి, లోపలి రాగి మెరిసేదాకా చూసి, క్యాపు మళ్లీ బిగించారు. అవసరమా అని నేను అడగలేదు. ఆ చేతులకు ఎన్నాళ్లుగానో అందని పని అది.

“వేడెక్కితే పోతోందంటున్నారుగా. వేడెక్కిద్దాం. అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునేది పట్రండి.”

హెయిర్ డ్రయ్యర్‌తో కాయిల్‌ను ముందు, సి.డి.ఐ.ని తరవాత, చెయ్యి ఆనించలేనంత వేడి చేశాం. స్టార్టర్ నొక్కాను. నీలం. మళ్లీ నొక్కాను. నీలం. నేను కొనబోయిన డబ్బా నా కళ్లముందే నిర్దోషి అయింది. ఆ క్షణంలో నాకు కలిగింది ఊరట కాదు. అది కాకపోతే ఇంకేమిటన్న బెంగ.

అప్పుడు ఆయన అడిగారు. “ఎర్త్ ఎక్కడుంది బాబూ?”

స్కూటర్‌కి ఒళ్లంతా ఎర్తే. ఇనుప రేకు ఎక్కడ తగిలినా కరెంటు తన ఇంటికి నడిచిపోతుంది. ఎవరూ దారి వేయక్కర్లేదు, దాని గురించి ఆలోచించక్కర్లేదు. ఈ బండి ఒళ్లు ఫైబర్. దీని ఒంట్లోంచి కరెంటు నడవదు. వెళ్లే ప్రతి తీగకూ తిరిగి వచ్చే తీగ ఒకటి మనమే లాగి ఇవ్వాలి. ఇంజన్‌కి బ్యాటరీ నుంచి లావాటి తీగ వేరే ఉంది కాబట్టే స్టార్టర్ ప్రతిసారీ గిర్రున తిప్పింది. సి.డి.ఐ. ఉండే కరెంటు డబ్బా నుంచి ఇంజన్‌కి వచ్చే నల్ల తీగ వేరు. వెన్న రాసినట్టు నున్నగా ఉన్న దాని తొడుగు చూసి నేను ఎన్నడూ అనుమానించలేదు.

ఆయన మల్టీమీటరు పెట్టారు. దాదాపు సున్నా. తీగను రెండు వేళ్లతో పట్టుకుని, దాని కొసను బిగించే లగ్గు దగ్గర మెల్లగా వంచారు. అంకె ఎగిరింది. వదిలితే సున్నా. వంచితే ఎగురుతుంది. “ఇప్పుడు తిప్పండి” అన్నారు. ఆయన వంచి పట్టుకుని ఉండగా నొక్కాను. ఇంజన్ తిరిగింది. ప్లగ్గుల దగ్గర ఏమీ లేదు.

తొడుగు చీల్చితే లోపలి రాగి పచ్చటి పొడిగా రాలింది. పది పదిహేను పోగులు ఉండాల్సినచోట రెండో మూడో లగ్గును పట్టుకుని ఉన్నాయి. ఎప్పుడో సముద్రం దగ్గర లోపలికి పాకిన ఉప్పు, ఎడారిలో ఇన్నేళ్లుగా నింపాదిగా తింటూనే ఉంది. చల్లగా ఉన్నంతసేపూ ఆ పోగులు ఎలాగో మోసుకొచ్చాయి. ఇంజన్ వేడికి కాస్త సాగి, అలల కుదుపుకి కాస్త కదిలితే వదిలేశాయి.

కళాయి పూసిన రాగి తీగ కొని, లగ్గు నొక్కి, లోపల జిగురుండే స్లీవును వేడిచేసి దాని మీద బిగించాం. సి.డి.ఐ. ధరతో పోలిస్తే ఆ ఖర్చు చెప్పుకోదగ్గది కాదు.

మర్నాడు తెల్లవారుజామునే చెరువుకి వెళ్లాం. ఆయన ఒడ్డున ట్రెయిలర్ నీడలో కూర్చుని గడియారం చేతిలోకి తీసుకున్నారు. ఇరవై నిమిషాలు దాటాక నా భుజాలు వాటంతట అవే బిగుసుకున్నాయి. ముప్ఫై. నలభై. దూరం నుంచి చూస్తే ఆయన కదల్లేదు. బండిని చూడటం లేదు, చెవి ఒగ్గి వింటున్నారు.

ఒడ్డుకు తెచ్చాక ఎలా నడిచిందని అడగలేదు. మూత తీయించి, ఆవిరి పోయేదాకా ఆగి, కాయిల్ మీద అరచెయ్యి పెట్టి వేడి చూసుకున్నారు. తరవాత ఆ నల్ల తీగను లగ్గు దగ్గర రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగారు. కదల్లేదు. చొక్కా అంచుకి చేతులు తుడుచుకుని, “అమ్మాయిక్కూడా చూపించండి బాబూ, రేపు నేను ఊళ్లో ఉండనుగా” అన్నారు.